ఉప్పునీటి ట్యాంక్‌కు ఆల్కలినిటీ టెస్ట్: ఏ కిట్ ఎవరికి సరిపోతుంది?

కోరల్స్ (పగడాలు) ఉన్న ట్యాంక్‌లో వారానికి ఒక్క టెస్ట్‌కే తీరిక ఉందంటే, ఆ ఒక్కటీ ఆల్కలినిటీయే కావాలి. నీళ్లు ఆమ్లాన్ని తట్టుకునే శక్తే ఆల్కలినిటీ, అది ఎక్కువగా వాటిలో కరిగిన బైకార్బొనేట్, కార్బొనేట్‌ల నుంచి వస్తుంది. కోరల్ తన అస్థిపంజరాన్ని కాల్షియం కార్బొనేట్‌తో కట్టుకుంటుంది. ఆ పనిలో నీళ్లలోంచి 2.8 డీకేహెచ్ (ఇది ఆల్కలినిటీని కొలిచే యూనిట్) ఆల్కలినిటీ వాడుకుంటే, దాంతోపాటు పోయే కాల్షియం సుమారు 20 పీపీఎం (పది లక్షల్లో 20 భాగాలు) మాత్రమే. ట్యాంక్‌లో కాల్షియం 420 ఉందనుకుందాం, అది 400కు దిగుతుంది. దాని వల్ల ఏ ఇబ్బందీ రాదు. కానీ అదే వ్యవధిలో ఆల్కలినిటీ 8.4 నుంచి 5.6కు పడిపోతుంది. ఉన్నదాంట్లో మూడో వంతు పోయినట్టే. ట్యాంక్‌లో ముందుగా కదిలేది, త్వరగా దెబ్బ తీసేది ఇదే.

అయితే ఏ కిట్ కొనాలి? ఈ ప్రశ్నకు చాలామంది ఒక బ్రాండ్ పేరు చెప్పి ఊరుకుంటారు. నా ఉద్దేశంలో బ్రాండ్ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ ట్యాంక్ రోజుకు ఎంత ఆల్కలినిటీ తాగుతోంది? వాడకం ఎక్కువయ్యేకొద్దీ అంత చిన్న తేడాను పట్టుకోగల కిట్ మీకు కావాలి. అంతకు మించింది అనవసరం, అంతకు తక్కువైతే ఉన్నా లేనట్టే.

ముందు ట్యాంక్ సంగతి

చేపలు, రాళ్లు మాత్రమే ఉన్న ట్యాంక్‌లో ఆల్కలినిటీ చాలా నెమ్మదిగా తగ్గుతుంది. చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రేట్‌గా మార్చేటప్పుడు కొంత ఖర్చవుతుంది, నీళ్లు మార్చినప్పుడు అది మళ్లీ భర్తీ అవుతుంది. మెత్తటి కోరల్స్, జోయాంథిడ్స్ ఉన్న ట్యాంక్‌లోనూ దాదాపు ఇంతే. రాళ్ల మీద గులాబీ రంగు కోరలైన్ ఆల్గే బాగా పరుచుకుంటే వాడకం కొద్దిగా పెరుగుతుంది. హ్యామర్, టార్చ్ లాంటి ఎల్‌పీఎస్ కోరల్స్ (పెద్ద పాలిప్స్ ఉండే గట్టి కోరల్స్) చేరాక వాడకం స్పష్టంగా కనిపిస్తుంది. ఆక్రోపోరా, మాంటిపోరా లాంటి ఎస్‌పీఎస్ కోరల్స్ (చిన్న పాలిప్స్ ఉండే గట్టి కోరల్స్) నిండిన ట్యాంక్ అయితే రోజుకు 1 డీకేహెచ్ పైనే తాగేయగలదు. అలాంటి చోట, తగ్గిన ఆల్కలినిటీని భర్తీ చేసే ద్రావణాన్ని రోజూ పోసే డోసింగ్ పంప్ ఒక్క రోజు ఆగినా తేడా తెలిసిపోతుంది.

మీ లెక్క మీరే కనుక్కోవచ్చు. డోసింగ్ చేస్తుంటే రెండు రోజులు ఆపి, రెండు రోజులూ ఒకే సమయానికి టెస్ట్ చేయండి. వచ్చిన తేడాయే రోజువారీ వాడకం. ఎస్‌పీఎస్ ట్యాంక్‌లో ఆపడం భయంగా ఉంటే ఆపకుండానే లెక్కగట్టవచ్చు. వంద లీటర్ల నీళ్లలో 1 డీకేహెచ్ పెంచాలంటే సుమారు 3 గ్రాముల వంట సోడా కావాలి. ఆల్కలినిటీ నిలకడగా ఉండటానికి మీరు రోజూ ఎంత వేస్తున్నారో చూస్తే ట్యాంక్ ఎంత తాగుతోందో తెలిసిపోతుంది.

కిట్ల మీద అంకెలు మూడు రకాల కొలతల్లో ఉంటాయి. లీటరుకు 1 మిల్లీ ఈక్వివలెంట్ అంటే 2.8 డీకేహెచ్, అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కలో 50 పీపీఎం. సహజ సముద్రపు నీళ్లలో ఆల్కలినిటీ దాదాపు 7 డీకేహెచ్ ఉంటుంది. ఇళ్లలోని రీఫ్ ట్యాంక్‌లను, అంటే కోరల్స్ ఉన్న ట్యాంక్‌లను, సాధారణంగా 7 నుంచి 11 మధ్య ఉంచుతారు. ఆ పరిధిలో మీరు ఏ అంకె దగ్గర ఉంచారన్నది పెద్ద విషయం కాదు. అది అక్కడే నిలకడగా ఉందా లేదా అన్నదే కోరల్స్‌కు ముఖ్యం.

చుక్కల కిట్

అన్నింటికంటే సులువైనది, చవకైనది ఇదే. ఏపీఐ కేహెచ్ కిట్‌నే తీసుకోండి. గాజు గొట్టంలో 5 మి.లీ. ట్యాంక్ నీళ్లు పోసి, రీయేజెంట్ (కిట్‌తో వచ్చే పరీక్ష ద్రావణం) ఒక్కో చుక్కా వేస్తూ కలపాలి. మొదటి చుక్కకు నీళ్లు నీలంగా మారతాయి. అవి పసుపుకు తిరిగేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో అదే మీ డీకేహెచ్. తొమ్మిది చుక్కలైతే తొమ్మిది.

చిక్కల్లా ఆ మెట్టు సైజులోనే ఉంది. చుక్కకు 1 డీకేహెచ్ అంటే, అసలు విలువ 8.1 అయినా 8.9 అయినా కిట్ ఇచ్చే జవాబు ఒకటే. చేపల ట్యాంక్‌కు, మెత్తటి కోరల్స్‌కు ఇది చాలు, ఇంకొకటి కొనక్కర్లేదు. ఆక్రోపోరా ట్యాంక్‌కు మాత్రం ఇది బియ్యం తూచే కాటా మీద బంగారం తూచినట్టే. ఉన్న కిట్‌తోనే ఇంకొంచెం సూక్ష్మంగా చూడాలంటే నీళ్లు రెట్టింపు చేయండి. 10 మి.లీ. తీసుకుంటే ఒక్కో చుక్క 0.5 డీకేహెచ్ అవుతుంది. రీయేజెంట్ కూడా రెట్టింపు ఖర్చవుతుందనుకోండి, అయినా ఎల్‌పీఎస్ కోరల్స్ కొత్తగా పెట్టినవారికి ఈ చిట్కాతో కొన్నాళ్లు గడిచిపోతుంది.

చుక్కలు వేసేటప్పుడు సీసాను నిటారుగా పట్టుకోండి. వాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారుతుంది, దాంతో లెక్కా మారుతుంది.

సిరంజితో చేసే కిట్

సాలిఫర్ట్, రెడ్‌సీ లాంటి కంపెనీల కిట్లు ఈ రకం. ఇక్కడ చుక్కలు లెక్కపెట్టే పని లేదు. రీయేజెంట్‌ను 1 మి.లీ. సిరంజిలోకి తీసుకుని, రంగు మారేదాకా వేసి, ఎంత ఖర్చయిందో గీతల మీద చూస్తాం. సాలిఫర్ట్‌లో 4 మి.లీ. నీళ్లకు సిరంజి మీది 0.02 మి.లీ. తేడా సుమారు 0.3 డీకేహెచ్‌తో సమానం. రెడ్‌సీ ప్రో కిట్ మెట్టు ఇంకా చిన్నది, 0.14 డీకేహెచ్. రోజుకు అర డీకేహెచ్ తాగే ట్యాంక్‌కు ఈ రెండింట్లో ఏదైనా సరిపోతుంది.

నాకు ఈ పద్ధతి మీద గౌరవం ఎక్కువ. ఇందులో ఏం జరుగుతోందో కళ్లారా చూస్తాం. సాలిఫర్ట్‌నే చూడండి. సూచిక (రంగు మారి ఫలితం చూపే ద్రావణం) చుక్కలు పడ్డాక నీళ్లు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటాయి. సిరంజి నుంచి రీయేజెంట్ పడుతున్నకొద్దీ చాలాసేపు ఏ మార్పూ ఉండదు. తర్వాత చుక్క పడ్డ చోట గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి, గొట్టం తిప్పగానే మాయమవుతుంది. అది కనిపించిందంటే గమ్యం దగ్గరపడిందని అర్థం. అక్కడి నుంచి ఒక్కో చుక్కే, ప్రతి చుక్క తర్వాతా బాగా తిప్పి ఆగాలి. తిప్పినా పోని నారింజ, గులాబీ ఛాయ వచ్చిన చోట ఆపాలి. ఇంకో చుక్క వేస్తే రంగు ముదురుతుంది తప్ప మారదు. మారిన మొదటి చుక్కే లెక్క. ముదరడం కోసం ఆగేవాళ్లకు ఎప్పుడూ విలువ కాస్త ఎక్కువే వస్తుంది.

కొత్తవాళ్లను కంగారు పెట్టేది సిరంజిలోని గాలి. రీయేజెంట్ పీల్చాక నల్లటి పిస్టన్ కింద కాస్త గాలి కనిపిస్తుంది. అది ముక్కుకు తగిలించిన ప్లాస్టిక్ కొనలోని గాలి, దానివల్ల ఫలితం మారదు. పిస్టన్ కింది అంచు 1.00 గీత మీద ఉందా లేదా అన్నదే చూడాలి. ద్రవం పైఅంచును చూసి చదివితే మాత్రం తప్పు వస్తుంది. ట్యాంక్ నీళ్లు కొలిచే పెద్ద సిరంజి విషయం వేరు, అందులో బుడగ ఉండకూడదు. ఆ బుడగ మేరకు నీళ్లు తగ్గుతాయి, విలువ కూడా తగ్గి కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో అసలు ఇబ్బంది కళ్లది. రంగుల తేడా సరిగా పోల్చుకోలేనివారికి నీలం నుంచి గులాబీకి మారే క్షణం పట్టుకోవడం కష్టం. ట్యాంక్ మీది నీలి లైట్ కింద చేస్తే ఎవరికైనా తప్పు వస్తుంది. తెల్ల కాగితం వెనక పెట్టుకుని, తెల్లటి వెలుతురులో చేయాలి. ఇంట్లో ఇద్దరు టెస్ట్ చేస్తుంటే ఒకరు ఆపే చోట ఇంకొకరు ఆపకపోవచ్చు. అందుకే ఆ పని ఒకరికే అప్పగించండి.

డిజిటల్ చెకర్

రంగు చూసే పని కంటికి వద్దు అనుకునేవారికి హన్నా చెకర్ ఉంది. చేతిలో ఇమిడే ఈ పరికరం రంగును దీపం వెలుతురుతో కొలిచి అంకె చూపిస్తుంది. ముందు 10 మి.లీ. ట్యాంక్ నీళ్లతో సున్నా చేసి, తర్వాత అందులోనే 1 మి.లీ. రీయేజెంట్ కలిపి, గాజు సీసాను మెల్లగా తలకిందులు చేస్తూ కలిపి మళ్లీ పెట్టాలి. హెచ్‌ఐ772 డీకేహెచ్‌లో చూపిస్తుంది, హెచ్‌ఐ755 పీపీఎంలో చూపిస్తుంది. ఇవి రెండూ ఉప్పునీటికి చేసినవి. హెచ్‌ఐ775 మంచినీటిది, పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరపాటున అది తీసుకోకండి.

ఇందులో సుఖం నిజమైనదే. పని ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది, రంగు గురించి తర్జనభర్జన ఉండదు, ఎవరు చేసినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. రోజూ లేదా రోజు విడిచి రోజు టెస్ట్ చేయాల్సిన ఎస్‌పీఎస్ ట్యాంక్‌కు ఇదే నా మొదటి సలహా. టెస్ట్ చేయడం సులువైతేనే మనిషి మానకుండా చేస్తాడు.

కానీ తెర మీది అంకెను ఎంతవరకు నమ్మాలో తెలిసి నమ్మాలి. హెచ్‌ఐ772 మెట్టు 0.1 డీకేహెచ్. అయితే దాని ఖచ్చితత్వం కంపెనీ లెక్క ప్రకారమే 0.3 డీకేహెచ్, దానికి తోడు చూపిన విలువలో 5 శాతం, అటో ఇటో. 8 చూపించిందంటే అసలు విలువ 7.3 నుంచి 8.7 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. నిన్న 8.1, ఈరోజు 8.4 చూసి టెన్షన్ పడి డోసింగ్ తగ్గించేవాళ్లున్నారు. తర్వాతి రోజు 7.9 చూసి పెంచుతారు. అలా ట్యాంక్‌లో లేని ఒడిదొడుకులను వాళ్లే తెచ్చిపెడతారు. ఒక్క రీడింగ్‌ను బట్టి డోసింగ్ మార్చకండి. తేడా కనిపిస్తే వెంటనే ఇంకోసారి చేయండి. రెండుసార్లూ అదే వస్తే, మూడు నాలుగు రోజుల రీడింగ్స్ ఒకే దిశలో పోతుంటే అప్పుడు మార్చండి.

ఈ పరికరంలో తప్పు ఎక్కువగా ఆ 1 మి.లీ. రీయేజెంట్ సిరంజి దగ్గర జరుగుతుంది. రీయేజెంట్‌లో ఆమ్లం, సూచిక రెండూ కలిసే ఉంటాయి. అందులో బుడగ దూరి తక్కువ పడితే ఆల్కలినిటీ ఎక్కువగా కనిపిస్తుంది. నీళ్లు 10 మి.లీ. గీతకు కాస్త తక్కువైతే విలువ తగ్గి కనిపిస్తుంది. గాజు మీద వేలిముద్రలు, లోపల అంటుకున్న బుడగలు, గీతలు కూడా అంకెను మారుస్తాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, సీసాను రెండుసార్లూ ఒకే ముఖంగా పెట్టండి. వాడిన వెంటనే ఆర్‌ఓ నీళ్లతో కడిగేయండి.

మళ్లీ మళ్లీ అయ్యే ఖర్చును కూడా చూసుకోవాలి. హెచ్‌ఐ772 రీయేజెంట్ సీసా 25 టెస్టులకు వస్తుంది. రోజూ చేస్తే నెల కూడా రాదు. కొనేటప్పుడు పరికరం ధర కాకుండా, ఏడాదికి ఎన్ని సీసాలు పడతాయో లెక్కేయండి. ఆ రీయేజెంట్ మీకు ఎప్పుడూ దొరుకుతుందా అన్నది కూడా ముందే చూసుకోండి. రీయేజెంట్ దొరకని నెలలో చెకర్ ఉన్నా ఉపయోగం ఉండదు.

స్ట్రిప్స్, ల్యాబ్ పరీక్షలు

పేపర్ స్ట్రిప్స్ గురించి పెద్దగా చెప్పేది లేదు. వాటి మెట్లు మరీ పెద్దవి, కోరల్స్ ఉన్న ట్యాంక్‌కు పనికిరావు. ఐసీపీ ల్యాబ్‌కు నీళ్లు పంపేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఐసీపీ అనే ల్యాబ్ పద్ధతి నీళ్లలోని మూలకాలను కొలుస్తుంది, ఆల్కలినిటీని కాదు. కొన్ని ల్యాబ్‌లు దాన్ని విడిగా కొలిచి రిపోర్టులో ఇస్తాయి. కానీ నీళ్లు దారిలో ఉన్నన్నాళ్లలో ఆ విలువ మారొచ్చు, రిపోర్టు చేతికొచ్చేసరికి మీ ట్యాంక్ ఎటూ మారిపోయి ఉంటుంది. ఆల్కలినిటీ ఇంట్లో కొలుచుకోవాల్సిందే.

తనంతట తానే కొలిచే యంత్రాలు

నెప్ట్యూన్ ట్రైడెంట్, జీహెచ్‌ఎల్ కేహెచ్ డైరెక్టర్, ఆల్కాట్రానిక్ లాంటివి సంప్ (ట్యాంక్‌కు కలిపి విడిగా పెట్టే ఫిల్టర్ తొట్టి) నుంచి నీళ్లు తీసుకుని, రోజుకు పలుమార్లు కొలిచి గ్రాఫ్ చూపిస్తాయి. ట్రైడెంట్ కాల్షియం, మెగ్నీషియం కూడా చూస్తుంది. వీటి గొప్పదనం ఒక్కో అంకె కంటే ఆ గ్రాఫ్‌లోనే ఉంది. పగలు లైట్ కింద ఆల్కలినిటీ ఎంత తగ్గుతోంది, రాత్రి ఎలా ఉంటోంది, డోసింగ్ పంప్ ఎప్పుడు మొరాయించింది అన్నవి చేత్తో చేసే ఏ టెస్టూ అంత వివరంగా చెప్పలేదు.

ఎస్‌పీఎస్ కాలనీలు పెద్దవై, రోజుకు 1 డీకేహెచ్‌కు మించి వాడే ట్యాంక్ ఉన్నవారు, తరచూ ఊళ్లు తిరిగేవారు వీటి గురించి ఆలోచించవచ్చు. మిగతావారికి ఇది అవసరం కాదు, కోరిక. అయితే వీటికి నిర్వహణ పని తక్కువేమీ కాదు. రీయేజెంట్లు నింపాలి, గొట్టాలు మార్చాలి, పీహెచ్ ఎలక్ట్రోడ్‌తో పనిచేసేవాటిని వేళకు క్యాలిబ్రేట్ చేయాలి. యంత్రం రీడింగ్ ప్రకారం డోసింగ్ దానంతటదే మారేలా పెడితే, రోజుకు ఇంతకు మించి పెరగకూడదని పరిమితి తప్పకుండా పెట్టండి. ఎలక్ట్రోడ్ పాడై తక్కువ చూపిస్తే యంత్రం పోస్తూనే ఉంటుంది, కోరల్స్ కొనలు తెల్లబడేదాకా మీకు తెలియదు. వారానికోసారైనా చేతి కిట్‌తో సరిచూసుకోవడం తప్పదు.

ఏ కిట్ అయినా నమ్మదగ్గదేనా?

కొన్న కిట్ నిజం చెబుతోందా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 0.01 గ్రాము వరకు తూచే చిన్న కాటా, ఆర్‌ఓ-డీఐ నీళ్లు (ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలు కూడా తీసేసినవి), కొత్త ప్యాకెట్ వంట సోడా చాలు. బేకింగ్ పౌడర్ కాదు, సోడానే. 2.52 గ్రాముల సోడాను లీటరు నీళ్లలో కరిగించండి. అందులోంచి 100 మి.లీ. తీసి, ఇంకో పాత్రలో మొత్తం లీటరయ్యేలా నీళ్లు కలపండి. ఈ రెండో పాత్రలోని నీళ్ల ఆల్కలినిటీ 8.4 డీకేహెచ్. చుక్కల కిట్, సిరంజి కిట్ ఏదైనా దీని మీద పరీక్షించండి. సిరంజి కిట్ 8.1 నుంచి 8.7 మధ్య చూపిస్తే నిశ్చింతగా వాడుకోండి. ఎప్పుడు చేసినా 9.2 చూపిస్తోందంటే ఆ తేడా గుర్తుపెట్టుకుని వాడవచ్చు. చేసిన ప్రతిసారీ ఒక్కో అంకె వస్తుంటే మాత్రం ఆ కిట్‌ను పక్కన పెట్టేయండి.

ఉప్పునీటి డిజిటల్ చెకర్‌కు ఈ సోడా నీళ్లు వాడకండి. దాని సూచిక రంగు ఉప్పు శాతాన్ని బట్టి కూడా మారుతుంది, ఉప్పు లేని ద్రావణంలో వచ్చిన అంకెను నమ్మలేం. కంపెనీ అమ్మే క్యాలిబ్రేషన్ సెట్ కూడా మీటర్‌నే సరిచూస్తుంది, మీ రీయేజెంట్ సీసాను కాదు. అందుకే నేను చెప్పే దారి ఇది. సోడా పరీక్ష నెగ్గిన సిరంజి కిట్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కొత్త రీయేజెంట్ సీసా తెరిచిన ప్రతిసారీ ఒకే గ్లాసు ట్యాంక్ నీళ్లను రెండింటితోనూ కొలవండి. చాలా ఎస్‌పీఎస్ ట్యాంక్‌లకు చెకర్ ఒకటి, పక్కన సిరంజి కిట్ ఒకటి అన్న జత ఏ ఖరీదైన ఒక్క పరికరం కంటే మేలు.

మీ దగ్గర ఇప్పటికే సిరంజి కిట్ ఉండి, ట్యాంక్ రోజుకు అర డీకేహెచ్ లోపే వాడుతుంటే మార్చాల్సిన పని లేదు. ఒకే కిట్, ఒకే సమయం, ఒకే చోటి నీళ్లు. ఈ మూడూ పాటిస్తే సాధారణ కిట్ కూడా గొప్పగా పనిచేస్తుంది. నీళ్లను డోసింగ్ గొట్టం పడే చోటికి దూరంగా, ఆ రోజు డోసింగ్‌కు ముందే తీయండి. ఉప్పు శాతం కూడా చూడండి. 33 పీపీటీ (వెయ్యికి 33 భాగాల ఉప్పు) దగ్గర 8 డీకేహెచ్ వచ్చిన నీళ్లు 35 దగ్గర దాదాపు 8.5 చూపిస్తాయి. టాప్ ఆఫ్ (ఆవిరైన నీళ్లకు బదులు పోసే మంచినీళ్లు) ఎక్కువైన రోజు ఆల్కలినిటీ తగ్గినట్టు కనిపించడానికి కారణం ఇదే, కోరల్స్ కాదు. టెస్ట్ అయ్యాక ఆ నీళ్లను సింక్‌లో పారబోయండి, ట్యాంక్‌లోకి తిరిగి పోయకండి. రీయేజెంట్లలో ఆమ్లం ఉంటుంది కాబట్టి పిల్లలకు అందని చోట, ఎండ తగలకుండా పెట్టండి.

కిట్ మార్చాలనుకుంటే ఒక్కసారిగా మార్చకండి. పాతదీ కొత్తదీ వారం రోజులు పక్కపక్కన వాడి, రెండింటి మధ్య ఎప్పుడూ ఉండే తేడా ఎంతో రాసుకోండి. పాత కిట్‌లో 8.5 దగ్గర బాగున్న ట్యాంక్ కొత్త కిట్‌లో 7.8 చూపిస్తే, దాన్ని 8.5కు లాగాల్సిన పని లేదు. ఆ కోరల్స్‌కు నచ్చిన నీళ్లు అవే, ఇకపై మీ లక్ష్యం 7.8. నిజంగానే పెంచాల్సి వస్తే రోజుకు 1 డీకేహెచ్‌కు మించకుండా, సోడాను ఆర్‌ఓ నీళ్లలో కరిగించి, నీళ్లు బలంగా తిరిగే చోట మెల్లగా పోయండి.